పేరయ్యను ఎవరు గుర్తుపట్టారు?

ఈ మధ్య ఏ చర్చి సభకు పోయినా ఒకటే మాట వినపడుతోంది. రేపటి తరం నాయకుల్ని గుర్తించాలి, తయారు చెయ్యాలి అని. రెండు రోజుల సదస్సు పెడతారు. ఒక ఫైలు, ఒక పెన్ను ఇస్తారు. పట్నం నుంచి వచ్చిన వక్త మోషే యెహోషువకు బాధ్యత అప్పగించిన సంగతి, పౌలు తిమోతిని పెంచిన సంగతి చెప్తాడు. మంచి సంగతులే. కానీ ఎదురుగా కూర్చున్న పిల్లల్లో ఎక్కువమంది మాదిగపల్లె, మాలపల్లె పిల్లలనీ, వాళ్ల ముత్తాతలే ఈ సంఘాన్ని కట్టారనీ మేం కూర్చున్న సభల్లో ఒక్క వక్త నోటా వినలేదు.

తయారు చెయ్యటం మీద మాకు తగాదా లేదు. మా తగాదా "గుర్తించటం" అనే మాటతో. గుర్తించేది ఎవరు? ఎవరి కళ్లతో? ఆ కళ్లకు ఏం కనపడుతుంది, ఏం కనపడదు? దళితులు సంఖ్యలో నూటికి తొంభై మంది ఉన్న సంఘంలో కూడా ఈ ప్రశ్న ఎందుకు వెయ్యాల్సి వస్తోంది?

మాలో కొందరం పంతుళ్ల బిడ్డలం. పగలు పల్లె బడి, సాయంత్రం ప్రార్థన, ఆదివారం ఆరాధన, మధ్యలో చావులు, పెళ్లిళ్లు, కాపుల పొలంలో తగాదా వస్తే స్టేషనుకు తోడు పోవటం, ఇవన్నీ ఒంటి చేత్తో చేసిన మనుషుల బిడ్డలం. మా అమ్మలు ఆదివారం పిడికెడు బియ్యం పోగు చేసి లెక్క రాసినవాళ్లు. కాబట్టి ఇది దూరం నుంచి చేస్తున్న విమర్శ కాదు. మా ఇంటి మీద మేం చేసుకుంటున్న విమర్శే.

మొదలు ఒంగోలు నుంచి చూద్దాం. క్లౌ దొర ఒంగోలు వచ్చి కాపురం పెట్టింది 1866లో. తెలుగు బాప్టిస్టుల చరిత్ర సాధారణంగా అక్కడి నుంచి మొదలవుతుంది. కానీ దొర కాపురం పెట్టకముందే యెర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకుని ఉన్నారు. పేరయ్య మాదిగ. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు. అంతకు ముందు రాజయోగ మార్గంలో గురువుల దగ్గర శిష్యరికం చేశాడు, తనకూ శిష్యులున్నారు. అంటే మిషను కంట పడేనాటికే ఆయన నాయకుడు. పల్లె ఆయన్ని ఎప్పుడో గుర్తుపట్టింది. 1867 జనవరిలో దొర ఒంగోలుకు పడమటగా ఉన్న పేరయ్య పల్లెకు పోతే అక్కడ ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు. వాళ్లను సిద్ధం చేసింది తోళ్ల బేరగాడు.

ఈ కథ మనకెట్లా అందిందో కూడా చూడాలి. పేరయ్య రాసుకున్నది కాదు. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల గురించి ఒక పుస్తకం వేసింది. దాని పేరుకు అర్థం "చెప్పులు కుడుతూ ఉండగా" అని. తర్వాత 1914లో, క్లౌ చనిపోయిన నాలుగేళ్లకు, ఆయన చెప్పిన జీవిత కథ ఆమె రాతలోనే అచ్చయింది. అందులో "నేను" అని మాట్లాడేది దొర, రాసింది దొరసాని, పని చేసింది మాదిగ. మూడు చేతులు మారి వచ్చిన కథలో కూడా పేరయ్య ఇంత గట్టిగా కనపడుతున్నాడంటే అసలు మనిషి ఎంతవాడో ఊహించుకోవచ్చు. ఎమ్మా క్లౌను మేం తప్పు పట్టటం లేదు. ఆమె మాదిగల మాట వింది, పేర్లు రాసింది. ఆ తర్వాత మనవాళ్లు తెలుగులో వేసుకున్న సంఘ చరిత్రల్లో చాలావాటికి ఆ ఓపిక కూడా లేదు. ఫలానా దొర వచ్చెను, ఫలానా బంగళా కట్టెను, వెళ్లెను. అంతే.

ఒంగోలు కథలో ప్రతి ప్రసంగీకుడూ చెప్పే ఘట్టం ఒకటుంది. పై కులాలవాళ్లు తమ పిల్లల్ని దొర బడికి పంపారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రాము అన్నారు. దొర, దొరసాని (ఈమె మొదటి భార్య హారియెట్) వేరువేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం వచ్చింది. దేవుడు ఎన్నికలేని వారిని ఏర్పరచుకున్నాడనే భాగం. దాంతో మాదిగల వైపు నిలబడ్డారు. ఈ కథ వింటూ మేం పెరిగాం, సంతోషించాం. ఇప్పుడు ఒక చిన్న సందేహం. ఆ కథలో నిర్ణయం తీసుకునేది దొర, షరతు పెట్టేది బ్రాహ్మలు. మరి మాదిగలు? వాళ్లు గుమ్మం బయట ఎదురు చూస్తుంటారు. నిజానికి వాళ్లు ఎదురు చూడలేదు. ఊళ్ల మీద పడి తిరుగుతున్నారు.

1876 నుంచి 78 దాకా కరువు. మిషను బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుంది. పలుగూ పారా పట్టినవాళ్ల మధ్య మన బోధకులే మేస్త్రీలు, పగలు మట్టి పని చేయించి, తీరిక దొరికినప్పుడు వాక్యం చెప్పారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఈ అంకె అందరికీ కంఠతా వచ్చు. ఇచ్చిందెవరని అడగండి, దొర అంటారు. ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు దిగితే తక్కినవాళ్లు ఒడ్డున అలుపు తీర్చుకునేవాళ్లు, వంతులవారీగా. దొర ఇవ్వలేదు. ముట్టుకుంటే మైలపడతామని ఊరు అన్న చేతులు అవి. పన్నెండేళ్లలో ఒక సంఘం ఇంతమంది నాయకుల్ని నిలబెట్టింది. సదస్సులు లేవు, ఫైళ్లు లేవు.

అదే కాలంలో కోస్తాలో ఇంకో పద్ధతి నడిచింది. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో బడి పెట్టాడు, పై కులాల పిల్లల కోసం. మొదట బ్రాహ్మణ్ణి, వెలమను మారిస్తే కింది కులాలు వాటంతటవే వస్తాయని అప్పటి లెక్క. 1852లో ఒక బ్రాహ్మణ యువకుడు, ఒక వెలమ యువకుడు బాప్తిస్మం తీసుకున్నారు, ఊరు గొడవైంది, బడి ఖాళీ అయింది. వాళ్లిద్దరూ తర్వాత గురువులయ్యారు. పై నుంచి కిందికి జారాల్సిన క్రైస్తవం మాత్రం జారలేదు. కృష్ణా జిల్లాలో సంఘం పెరిగింది రాఘవాపురం మాలపల్లె నుంచి, 1859లో బాప్తిస్మం పొందిన పగోలు వెంకయ్య అనే మాల పెద్ద వల్ల. నోబుల్ పేరు మీద కాలేజీ ఉంది. వెంకయ్య పేరు ఆ పల్లె దాటితే ఎంతమందికి తెలుసు?

ఇక్కడ దోర్నకల్ అజరయ్యను తలుచుకోకుండా ముందుకు పోలేం. ఆయన తిరునెల్వేలి నాడార్, తెలుగువాడు కాదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషపుగా అభిషేకం పొందిన మొదటి భారతీయుడు, ఆంగ్లికన్ సంఘంలో. మాల మాదిగ పల్లె పంతుళ్లను ఏళ్ల తరబడి పనిలో చూసి, వాళ్లలోంచే గురువుల్ని ఏర్పరచాడు. తెలుగులోనే చెప్పాడు, భార్యలకు కూడా చదువు పెట్టాడు. జనం పాటలనూ పండగలనూ గుడిలోకి రానిచ్చాడు. ఆయనలో తండ్రి పెత్తనం ఉంది, లేదనం. అంబేడ్కర్ మత మార్పిడి ప్రకటన చేసిన 1935 తర్వాత ఆయన మాటల్లో రాజకీయం కంటే ఆత్మల లెక్కే ఎక్కువ వినపడింది. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆయన పంతుల్ని డిగ్రీ అడగలేదు, పల్లె నిన్ను నమ్ముతుందా అని అడిగాడు.

ఆ ప్రశ్న ఎప్పుడు మాయమైంది? మా అంచనాలో, దొరలు వెళ్లిపోయి ఆస్తులు మన చేతికి వచ్చినప్పుడు. బంగళాలు, బళ్లు, ఆస్పత్రులు, సెంటర్లో భూములు. నాయకుడంటే మందను కాసేవాడు కాదు, సంతకం పెట్టేవాడు అయ్యాడు. పట్టా, ఇంగ్లీషు, కోర్టులో నిలబడే సత్తా, ఎన్నికల్లో ఓట్లు కూడగట్టే బలగం కావాల్సి వచ్చాయి. పెద్ద చదువు ఇంగ్లీషులో ఉంది, వేదాంత కళాశాల పట్నంలో ఉంది, సిఫారసు సంతకం బిషపుగారి గదిలో ఉంది. పల్లె చేతిలో ఏమీ మిగల్లేదు. స్వతంత్ర సంఘాలు దీని మీద తిరుగుబాటుగానే పుట్టాయి. పాకలో మొదలైనవాడు నిజంగా పేరయ్య మనవడే. కానీ పాక స్లాబు అయ్యేసరికి ట్రస్టు కొడుకు పేరు మీద, మైకు కోడలి చేతిలో. రేపటి తరం నాయకుడెవరో అక్కడ సదస్సు పెట్టి వెతకక్కర్లేదు. తొట్టెలో ఉన్నాడు.

కులం మాట ఎత్తితే మనవాళ్లే ముందు చెవులు మూసుకుంటారు, క్రీస్తులో కులం లేదు అంటారు. క్రీస్తులో లేదు సరే, కమిటీలో ఉంది. ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ, కడప లండన్ మిషన్లో మాలలు ఎక్కువ, ఏ మిషను ఏ పల్లెలో అడుగు పెట్టిందన్నదాన్ని బట్టి అది తేలింది. ఎవరు ఎక్కువ ఉంటే పీఠం వాళ్లదే. రెండోవాళ్ల పిల్లవాడు ఎంత వాక్యం చెప్పినా "మంచి కుర్రాడే" దగ్గర ఆగిపోతాడు. 1994లో దండోరా మొదలైంది ప్రకాశం జిల్లా ఈదుమూడిలో, పేరయ్య నడిచిన జిల్లాలోనే. వర్గీకరణ చెయ్యొచ్చని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న చెప్పింది. మాలో మాలలమూ ఉన్నాం, మాదిగలమూ ఉన్నాం. ఈ పేరా రాయటానికే మూడుసార్లు వాదించుకున్నాం. లెక్క తీద్దాం అన్న మాట దగ్గర మాత్రం అందరం ఒప్పుకున్నాం. ఏ సంఘమైనా తన పాస్టర్లు, పెద్దలు, కోశాధికారుల లెక్క కులం వారీగా, ఆడ మగ వారీగా బయట పెట్టనీండి. తర్వాత నాయకత్వం గురించి మాట్లాడదాం.

ఆడవాళ్ల సంగతి ఇంకా తేలిక. నాగమ్మ పేరు భర్త వెనక వస్తుంది. బైబిలు స్త్రీలు పేర్లు లేకుండానే పోయారు, గడపగడపకూ తిరిగి ఇళ్లలోకి వాక్యం తీసుకుపోయినవాళ్లు. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడితే మొదటి స్త్రీ బిషపు, ఎగ్గోని పుష్పలలిత, నంద్యాలకు వచ్చింది 2013లో. అరవై ఆరేళ్లు.

కతోలిక సంఘంలో మారంపూడి జోజి 2000లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయ్యారు. పూల ఆంతోని 2022లో కార్డినల్ అయ్యారు, దళితుల్లో మొదటివారు. పేదరికం వల్ల ఏడో తరగతి దగ్గర ఆగిన ఆయన చదువును మిషనరీలు మళ్లీ నడిపించారు. ఒకరి కన్ను ఒక పిల్లవాడి మీద పడితే ఏమవుతుందో చూశాం, సంతోషించాం. కన్ను పడనివాళ్ల సంగతి ఎవరూ రాయరు.

ఇప్పుడు అసలు ముడి. ఏ సదస్సులోనూ ఎవరూ ఎత్తనిది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా ప్రకారం క్రైస్తవుడు షెడ్యూల్డు కులం వాడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మనల్ని చేర్చలేదు. ఆ పేరా తీసెయ్యమని రంగనాథ్ మిశ్రా కమిషను 2007లో చెప్పింది. మన దగ్గర మతం మారిన ఎస్సీలకు బీసీ-సి, ఒక్క శాతం. అందుకే బడి రిజిస్టర్లో ఒక పేరు, బాప్తిస్మం రిజిస్టర్లో ఇంకో పేరు. దీన్ని మోసం అనేవాళ్లు అననీ. పల్లె బావి దగ్గర, పెళ్లి ఊరేగింపు దగ్గర, శ్మశానం దగ్గర ఊరు మమ్మల్ని ఏ పేరుతో పిలుస్తుందో ఆ రిజిస్టరు కూడా తెచ్చి చూడాలి. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో తీర్పు చెప్పింది. పదేళ్లుగా పాస్టరుగా ఉన్నవాడు చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నా అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ అడగలేడని. కులం పేరుతో తిట్టారని, కొట్టారని ఆయన ఫిర్యాదు.

దీని అర్థం ఆలోచించండి. వెనక బెంచీలో కూర్చుని ఆమెన్ అనేవాడికి ఏ ఇబ్బందీ లేదు. ముందుకొచ్చి నిలబడినవాడికే, బోర్డు మీద పేరు రాసుకున్నవాడికే, చట్టం చెయ్యి వదిలేస్తుంది. నాయకుడు కావటమే నేరానికి సాక్ష్యం అవుతోంది. అందుకే తెలివిగల పిల్లలు ముందుకు రావటం లేదు. భక్తి తగ్గిందని పెద్దలు ఏడుస్తున్నారు. భక్తి తగ్గలేదు, బిడ్డల చదువూ ఉద్యోగమూ తూకంలో పెడుతున్నారు. సర్టిఫికెట్ ఇబ్బంది లేని కులాలవాళ్లు మాత్రం చర్చిలో నాయకులు కావటానికి ఏమీ పోగొట్టుకోరు. వాళ్లు పెద్ద వేదికల మీదికి అంత తేలిగ్గా ఎట్లా ఎక్కుతున్నారో ఇక్కడ కొంత అర్థమవుతుంది.

మన దళిత వేదాంతం ఈ మాట అడగాలి. 1981లో అరవింద్ నిర్మల్ బెంగుళూరులో ఆ ప్రశ్న వేసినప్పటి నుంచి ఎన్నో పుస్తకాలు వచ్చాయి, ఎక్కువ ఇంగ్లీషులో. మేమూ వాటిని చదివి పట్టాలు తీసుకున్నవాళ్లమే. పల్లె పాస్టరు చేతికి వాటిలో ఒక్కటైనా అందిందా? దళిత ఉద్యమం కూడా పాస్టర్ని ఓట్లప్పుడే గుర్తు పెట్టుకుంటుంది. అట్లాంటప్పుడు ఒక్క బిషపుల్ని అని ఏం లాభం?

ఈ రాత కోసం తిరుగుతుండగా ఒక పల్లెలో సాయంత్రం ప్రార్థనకు కూర్చున్నాం. పాస్టరు పోస్టు రెండేళ్లుగా ఖాళీ. ఇంటర్ చదివే అమ్మాయి అధ్యాయం చదివింది, పాట ఎత్తింది, జ్వరంగా ఉన్న ముసలాయన ఇంటికి ఎవరు పోవాలో చెప్పింది, బియ్యం లెక్క చూసింది. పెద్దవాళ్లు ఆమె మాట విని లేచారు. వేదాంత కళాశాలకు దరఖాస్తు పెట్టించొచ్చు కదమ్మా అని వాళ్లమ్మతో అన్నాం. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండా అడిగింది: "పెడితే మరి కాలేజీలో కులం సర్టిఫికెట్ ఏమవుద్దయ్యా?"