పాత ఎకో ఉండనీ

క్యాబిన్‌లోకి కొత్త తెర రాగానే పాతదాన్ని విప్పేయమంటాడు బోటు యజమాని. విశాఖ రేవులో ఏ సరంగునైనా అడగండి, ‘ఆ పాత ఎకో ఉండనీ బాబూ’ అంటాడు. ఎకో అంటే నీటి లోతు కొలిచే ఎకో సౌండర్. బోట్లకు ఇలాంటివి బిగించే నా ఓటు సరంగుకే.

పాత పరికరాలు 1983లో వచ్చిన ఎన్‌ఎంఈఏ 0183 పద్ధతిలో మాట్లాడతాయి. వేగం సెకనుకు 4,800 బిట్లు, అంటే నత్తనడకే. ఒక తీగ మీద ఒక్కటే మాట్లాడాలి, మిగతావి వినాలి. అయితే ఆ తీగను ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే సమాచారం మామూలు అక్షరాల్లో, కామాలతో సహా కనబడుతుంది. లోతు చెప్పే డీబీటీ వాక్యం ఒకే లోతును అడుగుల్లో, మీటర్లలో, ఫాదమ్‌లలో (మన బారల్లో) వరసగా చెబుతుంది. బారల్లో లెక్కపెట్టే సరంగుకి ఆ మూడోదే కావాలి. కొత్త ఎన్‌ఎంఈఏ 2000లో తీగ మీద వెళ్ళేది మీటర్లే. మిగతాది తెర చూసుకోవాలి.

ఈ కొత్తది కార్లలో ఉండే క్యాన్ బస్ మీద సెకనుకు 2,50,000 బిట్ల వేగంతో నడుస్తుంది. పొడవాటి ప్రధాన కేబుల్, దానికి 6 మీటర్లు దాటని కొమ్మలు, రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు. కరెంటు కట్టేసి మీటరు పెడితే 60 రావాలి. 120 వచ్చిందంటే ఒక చివర ఊడినట్టే.

ఈ రెంటి మధ్య, ఒకదాని మాట రెండోదానికి అర్థమయ్యేలా మార్చే గేట్‌వే పెట్టడం అరగంట పని. తలనొప్పి ఆ తర్వాతే. పాత తెర 4.2 మీటర్లంటుంది, కొత్తది 5 అంటుంది. రెండూ నిజమే కావచ్చు! పాతది నీళ్ళలోకి ధ్వని పంపే ట్రాన్స్‌డ్యూసర్ దగ్గర్నుంచి కొలుస్తోంది, కొత్తదానికి ఎవరో నీటిమట్టం నుంచి లెక్కించమని 80 సెంటీమీటర్లు కలిపిపెట్టారు. సరంగు అడిగేది ఈ రెండూ కాదు, బోటు అడుగు కింద ఎంత నీళ్ళున్నాయని. అందుకే ఏ తెర ఎక్కణ్ణించి కొలుస్తోందో దాని పక్కనే పెయింటుతో రాయిస్తాను.

దిక్కుదీ ఇదే గొడవ. మన తీరంలో అయస్కాంత ఉత్తరానికీ నిజ ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీకి అటూ ఇటూగానే ఉంటుంది కాబట్టి, సెట్టింగు తప్పినా ఎవరికీ తెలియదు. బోస్టన్ దగ్గరైతే ఆ తేడా 14 డిగ్రీల దాకా ఉంటుంది, మొదటి రోజే దొరికిపోతుంది.

పాత జీపీఎస్ ఉంటే మరో చిక్కు. ఉపగ్రహాలు పంపే వారాల లెక్క 1024కి చేరగానే మళ్ళీ సున్నా అవుతుంది. 2019 ఏప్రిల్‌లో అలా తిరిగినప్పుడు కొన్ని పాత సెట్లు తేదీని దాదాపు 20 ఏళ్ళు వెనక్కి చూపాయి. స్థానం సరిగ్గానే చెబుతాయి, తేదీ మాత్రం నమ్మకూడదు. ఆ తేదీ కొత్త నెట్‌వర్క్‌లోకి పాకితే పోటుపాట్ల పట్టిక కూడా ఆ ఏడాదిదే వస్తుంది. గేట్‌వేలో ఆ ఒక్క సమాచారాన్నీ ఆపేస్తాను.

పాత ఎకోకి బ్యాటరీ నుంచి విడిగా వైరు, విడిగా ఫ్యూజు. ట్రాన్స్‌డ్యూసర్ తీగ నేరుగా దానికే. కొత్త తెరకు లోతు గేట్‌వే ద్వారా వస్తుంది, రాకపోయినా ఎకో పనిచేస్తుంది. ఈ వైరు ఖర్చు దండగంటూ యజమాని బేరానికి దిగితే, తగ్గించాలంటే కొత్త తెరనే ఒక సైజు చిన్నది కొనండి అంటాను.