క్రియ అడిగే ప్రశ్న

పోయిన గురువారం సాయంత్రం మా వీధి పిల్లాడొకడు సెలవు చీటీ దిద్దించుకోవడానికి వచ్చాడు. తాడేపల్లిలో మా ఇంటి వసారాలో రోజూ దీపాల వేళకు అయిదారుగురు పిల్లలు చేరతారు. వాళ్ళకు ఇంగ్లిష్ గ్రామర్ చెప్పడం ఇరవై ఏళ్ళుగా నాకు అలవాటైన పని. వీడిది ఎనిమిదో తరగతి. చీటీలో మూడే వాక్యాలు: ‘మై గ్రాండ్‌ఫాదర్ ఆర్ ఇన్ హాస్పిటల్. దే ఆర్ వెరీ వీక్. ఐ యామ్ గోయింగ్ టు సీ దెమ్.’

ఎర్ర పెన్ను తీశాను కానీ గీత పెట్టబుద్ధి కాలేదు. వీడి ఈడులో నేనూ ఇదే తప్పు రాశాను. మా నాన్నకు జ్వరమొస్తే ‘మై ఫాదర్ ఆర్’ అని రాసిన చీటీని మాస్టారు క్లాసులో పైకి చదివి, ‘నీకు నాన్నలు ఎంతమందిరా?’ అన్నారు. క్లాసంతా నవ్వింది. ‘ఆర్’ కొట్టేసి ‘ఈజ్’ రాశాను. ఎందుకు రాయాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. నాన్న గురించి రాసిన మాటకు అందరూ నవ్వారన్న బాధ మాత్రం చాలాకాలం ఉండిపోయింది.

చీటీ మడిచి పక్కన పెట్టి, ‘ఇదే సంగతి నాకు తెలుగులో చెప్పు నాన్నా’ అన్నాను. ‘మా తాతయ్యగారు ఆసుపత్రిలో ఉన్నారండి. బాగా నీరసంగా ఉన్నారు. వారిని చూడ్డానికి వెళ్తున్నానండి’ అన్నాడు. ఒక్క అక్షరం తప్పు లేదు. ఉన్నారు, వారిని. వీటినే వాడు ‘ఆర్’ అనీ ‘దెమ్’ అనీ మార్చాడు. తాతయ్య ఒక్కరే అని వాడికి తెలియక కాదు. తాతయ్యను ‘ఉన్నాడు’ అనడం వాడికి చేతకాదు.

ఇంగ్లిష్ క్రియ తన కర్తను అడిగేది ‘ఎంతమంది?’ అని. ఒకరైతే ఈజ్, ఇద్దరైనా ఇరవై మందైనా ఆర్. ఆ ఒక్కరు తాతయ్యా, ప్రధానమంత్రా, పక్కింటి పిల్లాడా అన్నది దానికి పట్టదు. తెలుగు క్రియ ‘ఎంతమంది?’ అని ఊరుకోదు, ‘ఎవరు?’ అని కూడా అడుగుతుంది. మగవాడా, ఆడమనిషా, మనిషి కానిదా, మన్నించాల్సినవారా? ఇవన్నీ తెలిస్తే తప్ప మన క్రియకు చివరి అక్షరం పడదు.

వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చాం, వచ్చారు, వచ్చాయి. ఏడు రూపాలు. ఇంగ్లిష్‌లో ఈ ఏడింటికీ ఒకటే మాట, ‘కేమ్’. బడి ముఖం చూడకముందే మన పిల్లలు ఈ ఏడింటినీ ఎక్కడిదక్కడ పెట్టి మాట్లాడతారు. మనుషులు వచ్చారు, కుక్కలు వచ్చాయి. అలాంటి పిల్లల్ని ‘కర్తకూ క్రియకూ పొత్తు కుదర్చడం రాదు’ అని తీసిపారేయడం అన్యాయం. వాళ్ళకు ఆ విద్య వచ్చు. ఇంగ్లిష్ దేనికి లెక్క కడుతుందో ఎవరూ చెప్పలేదు, అంతే.

పరవస్తు చిన్నయసూరి 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో మన భాష కట్టుబాట్లను సూత్రాలుగా కూర్చాడు. మగవాళ్ళకు మహత్తు, ఆడవాళ్ళకు మహతి, మిగతావాటికి అమహత్తు అని లింగాలను మనం బడిలో చదువుకున్నది ఆ దారిలోనే. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు 2003లో అచ్చయిన ద్రావిడ భాషల గ్రంథంలో ఈ లింగ వ్యవస్థను ఇరుగుపొరుగు భాషలతో పోల్చి చూపించారు. తమిళంలో ఆడమనిషికి ‘వందాళ్’ అని విడిగా ఒక రూపం ఉంది. తెలుగులో లేదు. అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది. రెండింటికీ ఒకటే తోక. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కలిసి వస్తే మాత్రం మగవాళ్ళతో సమానంగా ‘వచ్చారు’. ఒక్కరే వచ్చినా ఆ మాట దక్కాలంటే గౌరవమే దారి: టీచరుగారు వచ్చారు, డాక్టరమ్మగారు వచ్చారు. కాబట్టి ఏ పిల్లయినా ‘మై టీచర్ ఆర్’ అని రాస్తే, అందులో లెక్క తప్పు ఉండవచ్చు గానీ మర్యాద తప్పు లేదు.

ఇంగ్లిష్‌కు ఈ మర్యాద బొత్తిగా తెలియదనుకోవద్దు. ఒకప్పుడు వాళ్ళూ ఒక్కరిని ‘దౌ’ అనేవారు. ‘యు’ బహువచనం. మన్నన కోసం ఒక్కరిని కూడా ‘యు’ అనడం మొదలై, రానురాను ‘దౌ’ మామూలు వాడుకలోంచి తప్పుకుంది. ఎదురుగా ఒక్కరే ఉన్నా ‘యు ఆర్’ అనేది అందుకే. అది అచ్చంగా మన ‘మీరు ఉన్నారు’. ఈ ఒక్క సంగతి చెబితే పిల్లల ముఖాలు విచ్చుకుంటాయి. ‘అయితే యు దగ్గర మనలాగే, హీ దగ్గర మాత్రం లెక్క ప్రకారం’ అని వాళ్ళే సూత్రం కట్టుకుంటారు.

మిగతా తప్పుల వెనకా ఇలాగే ఒక కారణం ఉంటుంది. ‘హీ గో, దే గోస్’ అని రాసే పిల్లలు ప్రతి ఏడూ వస్తారు. బుక్‌కు ఎస్ చేరిస్తే బుక్స్, అంటే ఎక్కువ. ఆ ఎస్ మన ‘లు’ లాంటిదని మనమే నేర్పాం. ‘దే’ అంటే ఎక్కువమంది కాబట్టి గో పక్కన కూడా ఎస్ పెట్టారు. నామవాచకం మీది ఎస్ ఎక్కువను చెబుతుంది, క్రియ మీది ఎస్ ఒక్కరిని చెబుతుంది, రెండూ వేర్వేరు అని విడమరిచి చెప్పకపోతే ఆ పొరపాటు మనది.

‘ప్రకాశం బ్యారేజీకి నీళ్ళు వచ్చాయి’ అంటాం. పాలు పొంగాయి, వడ్లు ఎండాయి. ఇవి మనకు నిత్య బహువచనాలు. ఇంగ్లిష్‌లో వాటరూ మిల్కూ లెక్కకు అందనివి, వాటికి ఏకవచన క్రియే. ‘వాటర్ ఆర్ కమింగ్’ అని రాసిన పిల్ల కృష్ణ ఒడ్డున మాట్లాడే తెలుగునే రాసింది. ఎదురు దారీ ఉంది. కళ్ళజోడు పగిలింది, కత్తెర పోయింది, ప్యాంటు చిరిగింది. మనకు ఇవన్నీ ఒక్కటే. వాళ్ళకు స్పెక్టకిల్స్, సిజర్స్, ట్రౌజర్స్. అన్నీ ‘ఆర్’.

పెద్దవాళ్ళు కూడా తడబడే చోటు ఇంకొకటుంది. ‘కల్లంలో ఎండిన మిరపకాయల టిక్కీ తడిసింది’ అన్నామనుకోండి. టిక్కీ అంటే బస్తా. ఎన్ని విశేషణాలు చేర్చినా అసలు మాట ‘టిక్కీ’ చివరికొచ్చి క్రియను ఆనుకుని నిలబడుతుంది. పక్కనున్న మాటను చూసి క్రియను రాస్తే మనకు తప్పు పోదు. ఇంగ్లిష్‌లో వరస తిరగబడుతుంది. ‘ద బ్యాగ్ ఆఫ్ చిల్లీస్ ఈజ్ వెట్.’ అసలు మాట బ్యాగ్ ముందే వచ్చేసింది, క్రియ పక్కన చిల్లీస్ ఉంది. తెలుగు అలవాటుతో పక్క మాటను చూసిన పిల్లాడు ‘ఆర్’ రాస్తాడు. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఆర్’ అని రాసేదీ ఇందుకే. ‘నా స్నేహితుల్లో ఒకడు’ అన్నప్పుడు ‘ఒకడు’ చివర ఉన్నాడు, అక్కడ ‘వన్’ మొదట ఉంది. దీనికి నేను చెప్పే ఉపాయం చాలా చిన్నది. ‘ఆఫ్’ దగ్గర్నుంచి క్రియ దాకా ఉన్న మాటల్ని చూపుడు వేలితో మూసి, మిగిలింది చదవమంటాను. వన్... ఈజ్. బ్యాగ్... ఈజ్. మూడో వాక్యానికి వేలు అవసరం ఉండదు.

‘మై ఫాదర్ ఫార్మర్’ అని రాసేవాళ్ళు క్రియను మరిచిపోలేదు. ‘మా నాన్న రైతు’ అన్న వాక్యంలో క్రియ లేదు, మనకు అక్కర్లేదు కూడా. పైగా ‘మేం రైతులం’, ‘నువ్వు మంచివాడివి’ అంటూ నామవాచకాన్నే కర్తకు కలిపేస్తాం. ఇంత పొందిక తెలిసిన భాషలోంచి వస్తున్న పిల్లలు వీళ్ళు.

సర్వనామాల సంగతికొస్తే, ‘ఎవరి పుస్తకం వాళ్ళు తెచ్చుకోండి’ అంటాం. అందులో ఆడా మగా తేడా లేదు. ఇంగ్లిష్‌లో ‘ఎవ్రీవన్’ తర్వాత ‘హిజ్’ రాయాలా, ‘దెయిర్’ రాయాలా అని పండితులు చాలాకాలం వాదించుకున్నారు. జేన్ ఆస్టెన్ నవలల్లోనే ‘దెయిర్’ ఉంది. ఒక్కరికి వాడే ‘దే’ బాగా వ్యాప్తిలోకి రావడంతో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు వాళ్ళు 2019కి ‘దే’నే ఆ ఏటి మాటగా ఎంచారు. అయితే ఆ ‘దే’ ఆడో మగో తెలియనప్పుడు, చెప్పక్కర్లేనప్పుడు, లేదా ఎవరైనా తమను అలా పిలవమన్నప్పుడు వాడేది. గౌరవానికి కాదు. తాతయ్యకు ‘హీ’నే. ఈ తేడా కూడా పిల్లలకు చెప్పాలి.

ఇక బడి భాష సంగతి. 2019 నవంబరులో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడులను ఇంగ్లిష్ మీడియంలోకి మార్చాలని ఉత్తర్వులొచ్చాయి. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. మీడియం మీద వాదన ఎటు తేలినా, ఇంట్లో ‘ఉన్నారు’ అనే పిల్లలు బడిలో ‘ఈజ్’ రాయక తప్పదు. ఒక వ్యాకరణంలోంచి ఇంకో వ్యాకరణంలోకి రోజూ దాటుతున్నారు. ఆ దాటే చోట ఒక పెద్దమనిషి చెయ్యందించాలి. నవ్వకూడదు.

మా పిల్లాడు చీటీ తిరగరాశాడు. ‘మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ ఇన్ హాస్పిటల్. హీ ఈజ్ వెరీ వీక్.’ రాసి ఒక్క క్షణం ఆగి, ‘హీ అంటే తాతయ్యను వాడు అన్నట్టు కాదుగా మాస్టారూ?’ అని అడిగాడు. ‘కాదు నాన్నా. హీ అంటే వాడు, అతను, ఆయన అన్నీను. నువ్వు ఆయన అనుకునే రాయి’ అన్నాను. తృప్తిగా తలూపి చీటీ జేబులో పెట్టుకున్నాడు.

ఇంగ్లిష్ చెప్పే తోటి ఉపాధ్యాయులకూ, ఇంట్లో హోంవర్కు దిద్దే తల్లిదండ్రులకూ నా మనవి ఒక్కటే. క్రియ కింద ఎర్ర గీత పెట్టేముందు ఆ వాక్యాన్ని పిల్లల చేత ఒకసారి తెలుగులో చెప్పించండి. తప్పు ఎక్కడ పుట్టిందో మీకూ వాళ్ళకూ ఒకేసారి కనిపిస్తుంది. గీత ఆ తర్వాత పెట్టండి.