15 వాట్లలో నలుగురు అవధానులు

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక చిన్న దుకాణం. కౌంటర్ మీద పరిచిన రబ్బరు షీటుపై థింక్‌ప్యాడ్ టీ480 ల్యాప్‌టాప్ బోర్లా పడుకొని ఉంది. దుకాణం కుర్రాడు బయోస్‌లోకి వెళ్లి లోపలి బ్యాటరీని ముందే ఆపేశాడు. వెనక బ్యాటరీ లాగేసి స్క్రూలు వదులు చేశాడు. ఆ స్క్రూలు ఊడి కింద పడవు, విప్పాక కూడా మూతనే పట్టుకొని ఉంటాయి. రేపు ఎవరో దీన్ని విప్పుతారని, వాళ్లు స్క్రూల కోసం నేల వెతుక్కోకూడదని తయారుచేసినవాళ్లు ముందే తలచుకున్నారన్నమాట. ప్లాస్టిక్ కార్డుతో అంచులు వదిలించి మూత ఎత్తాడు. హీట్ సింక్ తీసి, ఎండి పెళుసుబారిన పాత పేస్టును స్పిరిట్ గుడ్డతో తుడిచాడు. అద్దంలా మెరుస్తూ చిన్న పలక బయటపడింది. నా బొటనవేలి గోరు కింద దాక్కునేంత. అందులో నాలుగు కోర్లు ఉన్నాయి.

నేను పుస్తకాలకు డీటీపీ చేస్తాను. ఈ టీ480కి ముందు నా దగ్గర ఉన్నది రెండు కోర్ల ల్యాప్‌టాప్. ఒకసారి 300 పేజీల పుస్తకం పీడీఎఫ్ తీస్తూనే, వీడియో కాల్‌లో రచయిత్రి చెప్పే దిద్దుబాట్లు రాసుకుంటున్నాను. యాంటీవైరస్ కూడా అప్పుడే స్కాన్ మొదలుపెట్టింది. మాట తెగిపోతూ వచ్చింది. అంకితం పేజీలో ఆవిడ నాన్నగారి పేరుకు ఒక ఒత్తు పడాలని ఆవిడ చెప్పిన మాట నాకు చేరలేదు. పుస్తకం ఆ ఒత్తు లేకుండానే అచ్చయింది. అది ఇప్పటికీ బాధే. నాలుగు కోర్ల మెషీన్‌కి మారడం దండగా, లాభమా అని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ పేజీయే.

ఒకే కోర్ ఉన్న కంప్యూటర్ అనేక పనులు ఎలా చేస్తుందో అష్టావధానం చూసినవాళ్లకు చెప్పడం తేలిక. అవధాని ఒక్కరే, పృచ్ఛకులు ఎనిమిది మంది. సమస్య ఇచ్చినాయనకు ఒక పాదం చెప్పి, నిషిద్ధాక్షరి దగ్గర నాలుగక్షరాలు నడిపించి, దత్తపదికి వస్తారు. ఎక్కడి పద్యం ఎక్కడ ఆగిందో మనసులో ఉంటుంది. కోర్ కూడా బ్రౌజర్ పని కొన్ని మిల్లీసెకన్లు చేసి, రిజిస్టర్లలో ఉన్న అంకెలనూ తర్వాతి ఆదేశం ఉన్న చోటునూ మెమరీలో భద్రపరిచి, ఇంకో పని అందుకుంటుంది. మనం కీబోర్డు మీద ఒక అక్షరం కొట్టగానే వెళ్లే ఇంటరప్ట్ అచ్చం అప్రస్తుత ప్రసంగమే. ఉన్న పని పక్కన పెట్టి దానికి వెంటనే జవాబు చెప్పి తీరాలి. ఇంత వేగంగా తిరుగుతుంది కాబట్టే అన్నీ ఒకేసారి జరుగుతున్నట్టు మనకు కనిపిస్తుంది.

అవధానానికి ధారణ ప్రాణం. ప్రాసెసర్‌లో ఆ పాత్ర క్యాష్‌ది. ఇప్పుడే వాడిన డేటాను అది చేతికందే దూరంలో ఉంచుతుంది. పనులు మరీ ఎక్కువైతే ఒకదాని డేటా ఇంకొకదాన్ని తోసేస్తుంది, మళ్లీ ర్యామ్ దాకా వెళ్లి తెచ్చుకోవాలి. కోర్‌కి ఆ ప్రయాణం చాలా దూరం. అందుకే ఒక్కో కోర్‌కి రెండు థ్రెడ్లు ఇచ్చారు. ఒక పని ర్యామ్ నుంచి డేటా కోసం ఎదురుచూస్తుంటే, ఆ ఖాళీలో రెండోది కోర్‌ను వాడుకుంటుంది. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు ఏ అక్షరం నిషేధించాలా అని ఆలోచించే లోపు అవధాని పక్కాయన్ని పలకరించినట్టు. అలాంటి అవధానులు నలుగురు ఒకే వేదిక మీద కూర్చుంటే నాలుగు కోర్లు.

నలుగురిని కూర్చోబెట్టడం పెద్ద కష్టమేమీ కాదు. 2009లోనే ఇంటెల్ ఐ7-720క్యూఎం అనే నాలుగు కోర్ల ల్యాప్‌టాప్ చిప్ ఉంది. కాకపోతే దాని లెక్క 45 వాట్లు. దాన్ని మోసే ల్యాప్‌టాప్ మందంగా, బరువుగా ఉండేది. పలుచటి మెషీన్లకు వేసే ఇంటెల్ 15 వాట్ల ఐ5, ఐ7 చిప్‌లలో చాలా ఏళ్లు రెండు కోర్లే వచ్చాయి. 2017 ఆగస్టులో ఇంటెల్ 8వ తరంతో అది మారింది. టీ480లో వేసే చిప్‌లలో ఒకటైన ఐ5-8250యూని, దానికి ముందు తరం ఐ5-7200యూతో పక్కపక్కన పెట్టి చూస్తే పనితనం ఎక్కడుందో తెలుస్తుంది. రెండూ 14 నానోమీటర్లవే, రెండూ 15 వాట్లవే. కోర్లు రెండు నుంచి నాలుగయ్యాయి, క్యాష్ 3 ఎంబీ నుంచి 6 ఎంబీ అయింది. కరెంటు మాత్రం ఒక్క వాటు కూడా ఎక్కువ అడగలేదు.

ఇక్కడ చాలామంది ఒక అంకె చూసి వెనక్కి తగ్గుతారు. పాతదాని మూల వేగం 2.5 గిగాహెర్ట్జ్, కొత్తదానిది 1.6. కొత్తది నెమ్మది కదా అంటారు. నా దృష్టిలో ఈ చిప్ అందమంతా ఆ 1.6లోనే ఉంది. చిప్ ఖర్చు చేసే కరెంటు వేగంతో సమానంగా పెరుగుతుంది, వోల్టేజీతోనైతే దాని వర్గం చొప్పున పెరుగుతుంది. వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి కాబట్టి చివరి కొంచెం వేగం కొనడానికి చాలా ఖర్చవుతుంది. ఆ కొంచెం వదులుకుంటే, ఇద్దరిని పరుగెత్తించే ఖర్చుతో నలుగురిని నడిపించవచ్చు. రెండు రెండున్నరలు 5, నాలుగు 1.6లు 6.4. అదీ కిందిస్థాయి లెక్కే. పని ఒక్కటే ఉన్నప్పుడు మిగతా కోర్లు నిద్రపోయి, వాటి వాటా కరెంటు మేలుకున్నదానికే అందుతుంది. అప్పుడు అది 3.4 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. పాతది 3.1 దగ్గరే ఆగేది. కోర్లు ఎంత వేగంగా నడవాలో, వాటికి ఎంత వోల్టేజీ ఇవ్వాలో చిప్ లోపలే ఉన్న ఒక నియంత్రకం క్షణక్షణం తేలుస్తూ ఉంటుంది. కొద్దిసేపు 15 వాట్లు దాటనిస్తుంది, వేడి పేరుకోగానే పగ్గాలు బిగిస్తుంది.

ఆ వేడిని మోసేది రాగి గొట్టం. కుర్రాడు తీసి పక్కన పెట్టిన హీట్ సింక్‌ని చేతిలోకి తీసుకొని చూశాను. అప్పడంలా అణిచిన గొట్టం, ఒక చివర చిప్ మీద ఆనే పలక, రెండో చివర ఫ్యాన్ ముందు దువ్వెన పళ్లలాంటి సన్నని రేకులు. లోపల రవ్వంత నీరు, పీడనం బాగా తగ్గించి మూసేశారు. చిప్ దగ్గర ఆ నీరు ఆవిరై, రేకుల దగ్గర చల్లబడి, గొట్టం లోపలి గోడల గరుకుదనంలో దీపపు వత్తిలో నూనె పాకినట్టు పాకి వెనక్కి వస్తుంది. మోటారు అవసరం లేదు. పేస్టు ఎండిపోయినా, రేకుల్లో దుమ్ము పేరుకున్నా నాలుగు కోర్లూ కలిసి కుంటుతాయి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ర్యామ్ ఎంత అని అడిగే ముందు పేస్టు మార్చారా అని అడగాలి.

ఇంతకీ ఎవరికి పనికొస్తుంది? నా పనిలోవే రెండు ఉదాహరణలు చెబుతాను. పాత పుస్తకం స్కాన్లను అక్షరాలు గుర్తుపట్టే ఓసీఆర్‌కి పెడితే ఒక పేజీకి ఇంకో పేజీతో సంబంధం లేదు. నాలుగు కట్టలు చేసి నాలుగు కోర్లకు పంచవచ్చు, పని దాదాపు ఆ మేరకు త్వరగా తెములుతుంది. అదే పుస్తకంలో ఫాంటు సైజు మార్చారనుకోండి. మొదటి పేజీలో పట్టని లైన్లు రెండో పేజీకి, అక్కడివి మూడో పేజీకి జరుగుతూ పోతాయి. ముందు పేజీ తేలకుండా తర్వాతది మొదలుకాదు. నలుగురున్నా ముగ్గురు చేతులు కట్టుకొని నిలబడాల్సిందే. 1967లో కంప్యూటర్ రూపశిల్పి జీన్ ఆమ్‌డాల్ చెప్పింది ఈ సంగతే. పనిలో సగం ఇలా వరసగా జరగాల్సిందైతే నాలుగు కోర్లు పెట్టినా వేగం 1.6 రెట్లకు మించదు.

బ్రౌజర్‌లో ముప్పై ట్యాబ్‌లు తెరిచి ఉండటం కోర్లకు బరువైన పని కాదు. ఆ ట్యాబ్‌లలో చాలావరకు నిద్రలో ఉంటాయి. అవి తినేది కోర్‌ని కాదు, ర్యామ్‌ని. అందుకే ల్యాప్‌టాప్ మార్చే ముందు, రోజూ మామూలుగా చేసే పనులన్నీ తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ చూడమంటాను. సీపీయూ గీత పైకప్పుకి అంటుకొని దిగకపోతే నాలుగు కోర్లు కావాలి. మెమరీ నిండిపోయి, డిస్క్ వంద శాతం చూపిస్తుంటే కావాల్సింది ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. వాటికి కొత్త ల్యాప్‌టాప్ అంత ఖర్చవదు. ఈ చిప్‌లు బోర్డుకి టంకం వేసి వస్తాయి. ప్రాసెసర్ ఒక్కటే మార్చుకుందాం అంటే కుదరదు, అందుకే ముందుగా చూసుకోమంటున్నాను. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. ఐ5-8250యూ విండోస్ 11 ఒప్పుకునే జాబితాలో ఉంది, ఐ5-7200యూ లేదు. కోర్ల మాట పక్కన పెట్టినా, ఇంటర్నెట్‌లో పని చేసుకునేవాళ్లు మారడానికి ఇది చాలు.

టీ480ని నేను ఎంచుకున్నది దాని వెనక బ్యాటరీ కోసం కూడా. లోపల ఒక బ్యాటరీ ఉంటుంది కాబట్టి మెషీన్ ఆపకుండానే వెనకది తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. కరెంటు పోయిన మధ్యాహ్నాలు పని ఆగడం లేదు.

మొన్న మళ్లీ అలాంటి సందర్భమే వచ్చింది. ఒకపక్క పీడీఎఫ్ ఎగుమతి, ఇంకోపక్క మరో పుస్తకం ఓసీఆర్, మీద వీడియో కాల్. టాస్క్ మేనేజర్‌లో నాలుగు కోర్ల ఎనిమిది థ్రెడ్లకూ ఎనిమిది గళ్లు. ఎనిమిదీ ఒక్కసారిగా పైకి లేచాయి. ఫ్యాన్ అందుకుంది, ఎడమవైపు నుంచి వెచ్చటి గాలి చేతికి తగిలింది. వేగం కొంచెం దిగి ఒక చోట నిలబడింది. కాల్‌లో ఉన్నది ఆ రచయిత్రే. రెండో ముద్రణ దిద్దుబాట్లు చదువుతున్నారు.

"అంకితం పేజీ తీయండి. నాన్నగారి పేరులో ఆ ఒత్తు ఈసారి పడిందో లేదో ఒక్కసారి చూసి చెప్పండి."

ఒక్క మాట కూడా తెగలేదు. పేజీ పెద్దది చేసి చూశాను. "పడిందండీ" అన్నాను.