చల్లారాకే మజ్జిగ

లేపాక్షి, హిందూపురం పల్లెల్లో రాగి అంబలి కాచే అవ్వకు తొందర ఉండదు. రాత్రే రాగిపిండిని నీళ్లలో కలిపి, మూతపెట్టి ఓ మూల ఉంచేస్తుంది. తెల్లారేసరికి పైన చిన్నచిన్న బుడగలు, మూత తీయగానే ముక్కుకు తగిలే పులుపు. ఆ పిండినీళ్లను మరిగే ఎసట్లో పోసి, ఉండకట్టకుండా తిప్పి దించుతుంది. ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ తరిగి పక్కన పెడుతుంది. ఆకలి మీదున్న మనవడు మజ్జిగ ముంత అందుకోబోతే మాత్రం ఆపుతుంది.

“ఆరనీ నాయనా, ఇప్పుడే పోస్తే ఇరిగిపోతాది.”

ఆమె చెప్పిన కారణం నిజమే. పుల్లటి మజ్జిగకు వేడి తగిలితే అందులోని ప్రోటీన్ గడ్డకట్టి పలుకులుగా విడిపోతుంది. ఆ కాసేపు ఆగడంలో ఆమె చెప్పని మేలు ఇంకొకటి ఉంది. రాత్రంతా పిండిని పులియబెట్టిన సూక్ష్మజీవులు పొయ్యి మీద చచ్చిపోతాయి. అవి చేసిన పని మాత్రం ఎక్కడికీ పోదు. రాగుల్లోని ఇనుమును ఒంటికి పట్టనీయని ఫైటేట్లు పులియడం వల్ల తగ్గుతాయి. ఇక చల్లారిన అంబలిలో మజ్జిగ పోస్తే, బతికున్న లాక్టిక్ బ్యాక్టీరియా మళ్లీ గిన్నెలోకి వస్తాయి. వేడి మీదే పోస్తే వాటికీ అదే గతి.

ఇడ్లీకీ ఇదే లెక్క. పిండి పులిసింది కదా అని ఇడ్లీని ప్రొబయోటిక్ అనేస్తున్నారు. ఆవిరికి ఉడికాక ఆ బ్యాక్టీరియాలో మిగిలేవి దాదాపు లేనట్టే. తేలిగ్గా అరగడం ఇడ్లీ గుణం. ఆ మెప్పు దానికి చాలు, లేనిది అంటగట్టనక్కర్లేదు.

2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పిలిచిన నిపుణులు ప్రొబయోటిక్ అంటే ఏమిటో తేల్చారు. సూక్ష్మజీవులు బతికుండాలి, తగినంత మోతాదులో అందాలి, వాటివల్ల ఆరోగ్యానికి మేలు జరగాలి. ఈ కొలతకు పెట్టి చూస్తే ఇంటి పెరుగుకూ చిక్కే. ఏ ఇంటి తోడులో ఏ రకాలున్నాయో, ఎన్ని ఉన్నాయో మామూలుగా ఎవరూ లెక్కపెట్టరు. అంతమాత్రాన పెరుగు విలువ తగ్గదు. పాలు తాగితే కడుపుబ్బరం వచ్చే చాలామందికి పెరుగు పడుతుంది. పాలలోని చక్కెరను అరిగించడానికి పెరుగులోని బ్యాక్టీరియా తోడ్పడతాయని 2010లో యూరప్ ఆహార భద్రతా సంస్థ కూడా ఒప్పుకుంది.

ఈ మేలుచేసే సూక్ష్మజీవుల విద్యలో శాస్త్రవేత్తలు జనం దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ. నాటి రష్యా సామ్రాజ్యంలో పుట్టిన శాస్త్రవేత్త మెచ్నికోవ్‌ను బల్గేరియా పల్లెవాసుల పెరుగు ఆలోచనలో పడేసింది. 1920ల తొలినాళ్లలో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆన్రీ బులార్ ఇండోచైనాలో, విరేచనాలకు అక్కడివాళ్లు వాడే పండ్ల తొక్కల నుంచి ఒక ఈస్ట్‌ను వేరుచేశాడు. దాన్ని డాక్టర్లు ఇప్పటికీ రాస్తున్నారు.

ఏ రకం, ఎవరికి, ఎందుకు అన్నదే అసలు సంగతి. ఒడిశా పల్లెల్లో 4,500 మందికి పైగా పసికందులతో జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. ఎంపిక చేసిన ఒక బ్యాక్టీరియాను, దానికి మేతగా ఒక పీచు చక్కెరను వారం రోజులు ఇస్తే, సెప్సిస్, మరణాలు కలిపి 40 శాతం తగ్గాయి. మరోవైపు పేగుపూత (అల్సరేటివ్ కోలైటిస్), చిరాకుపేగు (ఐబీఎస్) లాంటి జబ్బుల్లో ప్రొబయోటిక్‌లు వాడమని చెప్పేందుకు ఆధారాలు చాలవని 2020లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం తేల్చింది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ప్రొబయోటిక్ గుళికలు మింగకూడదు.

ఇన్ని తెలిశాక కూడా అవ్వ అంబలి మీద గౌరవం పెరుగుతుందే గాని తగ్గదు. మజ్జిగతో బ్యాక్టీరియా, రాగులతో పేగుల్లోని బ్యాక్టీరియాకు మేతయ్యే పీచు ఒకే గిన్నెలో అందుతున్నాయి. ఏ రోజైనా తోడు పులిసి పాడైతే ఆమె పక్కింటికి చిన్న గిన్నె పంపుతుంది. వేలు ముంచి చూసి, గోరువెచ్చగా ఉన్న పాలలో అక్కణ్నుంచి వచ్చిన చెంచాడు పెరుగు కలిపి, కదలకుండా మూతపెడుతుంది.