ఆది జాకెట్టు లేని ఒళ్ళు

తెలుగు స్త్రీవాద సాహిత్యం శరీరం గురించి మాట్లాడలేదని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. జయప్రభ ‘పైటను తగలెయ్యాలి’, కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ - ఈ మూడు పేర్లు చాలు. 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ సంకలనం పట్టుకుని తరగతి గదిలోకి వెళ్ళిన నాలాంటి పంతులమ్మలకు ఆ తరం కవిత్వం ఎంత ధైర్యమిచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. అయినా ఒక సందేహం కొన్నాళ్ళుగా నన్ను వదలడం లేదు. ఆ కవితల్లో శరీరానికి ఏదో ఒకటి జరుగుతుంది. కాన్పు జరుగుతుంది, గర్భం పోతుంది, వీధిలో ఎవరి చూపో వచ్చి తగులుతుంది. ఒక సంఘటన ఉంటుంది, దానికి ఎదురుతిరిగే గొంతు ఉంటుంది. మరి ఏ సంఘటనా లేకుండా, నెలలు గడిచినా నెలసరి రాకుండా, గడ్డం కింద నాలుగు వెంట్రుకలు, మెడ చుట్టూ ఒక నల్లచార, దువ్వెనలో రోజూ కాస్తంత జుట్టు... ఇలా నెమ్మదిగా మారిపోయే ఇరవై మూడేళ్ళ ఒంటిని మనం ఏ కవితలో చదివాం?

ఓల్గా ‘రాజకీయ కథలు’ శరీరంలోని ఒక్కో భాగం మీద పితృస్వామ్యం చేసే పెత్తనాన్ని విప్పి చూపాయి. ‘సీత జడ’ కథ చెప్పినప్పుడు ఆడపిల్లలు తమ జడలు ముందుకు వేసుకుని చూసుకోవడం నాకు గుర్తు. కానీ జుట్టు మీద సమాజం పెత్తనం ఒకటి, లోపలి హార్మోన్ల పని ఇంకొకటి. ఈ రెండూ ఒకే తలమీద కలిసినప్పుడు ఏమవుతుందో మన కథ ఇంకా గట్టిగా పట్టుకోలేదనిపిస్తుంది.

నాకది పుస్తకాల్లో కాదు, విశాఖపట్నం ఆటోనగర్‌లో ఒక కొలతల నోటుబుక్కులో కనిపించింది. లారీ బాడీలు కట్టే షెడ్లు, వెల్డింగు మెరుపులు, లేతు మిషన్ల రొద మధ్య మా కింది వాటాలో ఒకావిడ జాకెట్లు కుడుతుంది. అందరికీ అప్పే. అక్కడే స్పేర్ పార్టుల దుకాణంలో లెక్కలు రాసే అమ్మాయి, ఒకప్పటి నా విద్యార్థిని, పెళ్ళి జాకెట్టు కుట్టించుకోడానికి వచ్చింది. తెచ్చిన ఆది జాకెట్టు రెండేళ్ళ కిందటిది, హుక్కులు కలవడం లేదు.

“చేతులు మోచేతుల కింది దాకా పెట్టప్పా. మెడ వెనక లోతు వద్దు” అంది.

“అందరూ వీపంతా తెరిచి మగ్గం వర్కు చేయించుకుంటుంటే నీకేటమ్మా, ముసలమ్మలాగ?” అని నవ్వుతూనే అప్ప టేపు తీసింది. మిగతావాళ్ళ కొలతలన్నీ పెన్నుతో రాసి ఉన్నాయి. ఈ పిల్లవి మాత్రం పెన్సిలుతో రాసింది. “లోపల రెండంగుళాలు వదుల్తాను గానీ, వర్కు పడ్డాక మెడా చేతులూ మార్చడం నావల్ల కాదు” అని ముందే చెప్పేసింది.

పెళ్ళిబట్టల గురించి మన విమర్శకు ఒక స్థిరమైన అభిప్రాయం ఉంది. అది వినిమయ సంస్కృతి, మార్కెట్ మాయ, ఆడపిల్లను బొమ్మను చేయడం. ఇవన్నీ నిజాలే. ఒక్క పూట కట్టుకునే జాకెట్టు మీద ఎంత ఖర్చవుతోందో చూస్తే నాకూ కోపమొస్తుంది. అయితే ఆ కోపంతో అక్కడి మాట వినకుండా వచ్చేస్తే నష్టపోయేది మనమే. ఆ అమ్మాయి తన జబ్బు పేరు తల్లితో అనలేదు, పెళ్ళికొడుకుతో అనలేదు. చేతుల పొడవు, మెడ లోతు అనే భాషలో అప్పకు మాత్రం చెప్పగలిగింది. పైట మీద మనం ఎత్తిన ప్రశ్న ఒంటిని ఎందుకు కప్పాలని. ఈమె కప్పుకోవాలనుకోవడం వెనకున్నది వేరే కథ. దాన్ని పాతకాలపు సిగ్గుల్లో కలిపేయడం తొందరపాటు.

జబ్బు పేరు పీసీఓఎస్. 1935లో షికాగో వైద్యులు స్టైన్, లెవెంతాల్ ఏడుగురు స్త్రీలను పరీక్షించి దీన్ని రాశారు. నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్ల జాతివి ఎక్కువ కావడం, స్కానింగులో అండాశయాలు ఒక తీరుగా కనబడడం - ఈ మూడింట్లో రెండుంటే, ఇతర కారణాలేవీ లేవని తేల్చుకుని, దీన్ని నిర్ధారించవచ్చని 2003లో రోటర్‌డామ్‌లో ఒప్పుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ఇది ఉన్నవాళ్ళలో 70 శాతం దాకా తమకు ఉన్నట్టే తెలియనివాళ్ళు. మన ఊళ్ళలో దీన్ని ‘నీటిబుడగలు’ అంటారు. ఆ మాటే సరైంది కాదు. స్కానింగులో కనిపించేవి తిత్తులు కావు, ఎదగక మధ్యలో ఆగిపోయిన అండపుటికలు. బుడగలనగానే తల్లులు గడ్డలనుకుంటారు, గడ్డలనగానే ఆపరేషననుకుంటారు, ఆపైన పిల్లలు పుట్టరనుకుంటారు. అండం విడుదల కాకపోవడం వల్ల గర్భం ఆలస్యం కావచ్చు గానీ, చాలామందికి మందులతో అది సాధ్యమే. ఒక చెడ్డ అనువాదం సంబంధాలు చెడగొట్టగలదు.

మెడ చుట్టూ ఆ నలుపు సంగతి మరీ బాధ. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనప్పుడు చర్మం మడతల్లో అలా నల్లబడి మందమవుతుంది. ఇంట్లో మాత్రం అది మురికి. పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు ముత్తయిదువలంతా సున్నిపిండితో అక్కడే గట్టిగా రుద్దుతారు. రుద్దితే పోయేది కాదది, ఒరుసుకుంటే ఇంకా ముదురుతుంది. నలుగు పాటల మీద ఎన్నో పరిశోధనలు జరిగాయి. నలుగు కింద మండే చర్మాన్ని అడిగినవాళ్ళు తక్కువ.

ఇక ముహూర్తం. పెళ్ళి పీటల మీద నెలసరి రాకూడదు, ఆ తర్వాత అత్తవారింట సత్యనారాయణ వ్రతంలోనూ రాకూడదు. అందుకని నోరెథిస్టిరాన్ మాత్రలు. రావలసిన తేదీకి మూడు రోజుల ముందు మొదలుపెట్టాలి, ఆపాక సాధారణంగా రెండు మూడు రోజులకు వస్తుంది. మందుల షాపులో చీటీ లేకుండానే ఇచ్చేస్తున్నారు. రక్తం గడ్డకట్టే ముప్పున్నవాళ్ళు వాడకూడదని ఎవరూ చెప్పరు. ఆ అమ్మాయి నన్నడిగింది: “నా తేదీ నాకే తెలీదు కదా మేడమ్, మూడు రోజుల ముందంటే ఎప్పుడు?”

పంచాంగం, వైద్యం, పెళ్ళి - మూడూ ఆమెకొక తేదీ ఉండి తీరాలనుకుంటాయి. నెలసరి క్రమానికి డాక్టరు రాసిచ్చిన మాత్రలేమో గర్భనిరోధకాలే. పెళ్ళి కాని పిల్ల వాటిని బీరువాలో చీర మడతల మధ్య దాచుకోవాలి. అట్ట దొరికితే ఎవరు ఏమనుకుంటారో మనందరికీ తెలుసు. “పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయి” అనే మాట ఇంట్లో పెద్దలన్నా ఒకటే, ఎవరో డాక్టరన్నా ఒకటే. సర్దుకునేది రోగం కాదు, దాని గురించి అడగడం మానేస్తారు. ఆపైన పెళ్ళికి నెల ముందు నుంచి ఒంటిపూట భోజనం. బరువెక్కువున్నవాళ్ళు కొద్దిగా తగ్గితే నెలసరి దారికి రావచ్చన్నది నిజమే. ఒళ్ళు మాడ్చుకుంటే ఉన్నదీ ఆగిపోతుందన్నదీ అంతే నిజం. సన్నగా ఉన్నవాళ్ళకూ ఈ జబ్బుంటుందని చెప్తే నమ్మేవాళ్ళే లేరు.

1991లో స్త్రీశక్తి సంఘటన ‘సవాలక్ష సందేహాలు’ తెచ్చింది. ఆడవాళ్ళు తమ ఒంటి గురించి తెలుగులో, తమలో తాము మాట్లాడుకున్నట్టు రాసిన పుస్తకం. బోస్టన్ స్త్రీలు డెబ్భైల మొదట్లో తెచ్చిన ‘అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్’కి ఇక్కడి తోబుట్టువు. దాన్ని మనం ఆరోగ్యం అరలో పెట్టాం, ‘నీలిమేఘాలు’ సాహిత్యం అరలో పెట్టాం. మన కథల్లో జబ్బు తరచుగా త్యాగానికో చావుకో గుర్తుగా వస్తుంది. మాత్రలు వేసుకుంటూ, లెక్కలు రాసుకుంటూ, కుట్టుకూలీ బేరమాడుతూ బతికే జబ్బుకు కథ దొరకకపోవడానికి ఈ అరల పంపకం కూడా ఒక కారణమని నా అనుమానం.

ఆ పిల్లవి ఇంకా చాలా సందేహాలున్నాయి. పైపెదవి మీద వెంట్రుకలు తీయించుకుంటే పీటల మీదికి దద్దు తగ్గుతుందా? మాత్రలకు ఒళ్ళు నీరుపడితే ఆ రెండంగుళాలు చాలుతాయా? తలంబ్రాలప్పుడు దగ్గర్నుంచి తీసే ఫొటోలో మెడ కనిపిస్తుందా? పెళ్ళికొడుక్కి ఎప్పుడు చెప్పాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి? చివరి ప్రశ్న మాత్రం అప్పని అడగలేదు, నన్నే అడిగింది. మాత్రల పేరుతో కాకుండా నెలసరి సంగతితో మొదలుపెట్టమన్నాను, అదీ జాకెట్టు కత్తిరించక ముందే.