రికార్డుకెక్కని మాట: అట్రాసిటీ కేసుల్లో వీడియో సాక్ష్యం

కోర్టు బోనులో సాక్షి చెప్పేది ఒకటి, రికార్డుకెక్కేది ఇంకొకటి. అట్రాసిటీ కేసుల్లో సాక్ష్యం చెప్పొచ్చిన వాళ్లెవర్ని కదిలించినా ఈ మాటే అంటారు. సాక్షి తన ఊరి తెలుగులో చెబుతుంది. "మా ఇంటాయన్ని పేటలోంచి ఈడ్చుకుపోయారయ్యా, నీకు నడిబజారు కావాల్సొచ్చిందిరా అన్నారు" అందనుకుందాం. జడ్జి దాన్ని ఇంగ్లీషు చేసి స్టెనోకి చెబుతాడు. ముద్దాయిలు భర్తను కులం పేరుతో దూషించి కొట్టారన్న అర్థం వచ్చే ఒక్క వాక్యం కాగితం మీద మిగులుతుంది. ఏ మాట అన్నారు, ఎక్కడ నిలబడి అన్నారు, ఎందరి ముందు అన్నారు అనేవి తర్జుమాలోనే రాలిపోతాయి. అప్పీలులో ముద్దాయి ప్లీడరు పట్టుకునేది సరిగ్గా వాటినే. ఏ మాటన్నారు? నలుగురి కంటబడే చోటేనా? రాసుకున్నవాడి లోపం చెప్పినామె మెడకు చుట్టుకుంటుంది.

అందుకే వీడియో ప్రశ్నను సాంకేతిక విషయంగా పక్కన పెట్టలేం. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోకి 2015 సవరణతో 15ఎ సెక్షను వచ్చింది. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. దాని పదో ఉపవిభాగం ఒక్క వాక్యమే. ఈ చట్టం కిందికొచ్చే నేరాలకు సంబంధించిన ప్రొసీడింగ్స్ అన్నీ వీడియో తీయాలి. తీయవచ్చు అనలేదు, తీయాలి అంది. బాధితుల, సాక్షుల హక్కుల అధ్యాయంలో ఉంది కాబట్టి ఇది కోర్టు దయ కాదు, మన హక్కు.

అయితే ఆ వాక్యం చెప్పనివి చాలా ఉన్నాయి. ప్రొసీడింగ్స్ అంటే ఏవి? సాక్షుల విచారణ ఒక్కటేనా, బెయిలు వాదనలు కూడానా? 2019లో బాంబే హైకోర్టులో ఒక బెయిలు దరఖాస్తు దగ్గర ఈ వాదనే నడిచింది. తీసిన వీడియో ఎవరి దగ్గరుండాలి? బాధితులకు నకలు ఇస్తారా? ఎన్నేళ్లు భద్రపరచాలి? ఆ ఉపవిభాగం వీటి జోలికి పోలేదు. చెప్పకుండా వదిలేసిన చోటల్లా ఎవరి మాట చెల్లుతుందో మనకు తెలియంది కాదు.

చుండూరును తీసుకుందాం. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపి గోతాల్లో కుక్కి కాలువల్లో పడేశారు. దళితులు పోరాడి ప్రత్యేక కోర్టును ఆ ఊళ్లోనే పెట్టించుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతుల్లో చనిపోయారన్నది ప్రాసిక్యూషన్ రుజువు చేయలేదన్నది ఆ తీర్పు సారం. సాక్షుల్ని ఎదుట నిలబెట్టుకుని, మొహాలు చూసి, గొంతు విన్నది ఊళ్లో కూచున్న జడ్జి. అప్పీలు కోర్టు చూసింది కాగితాల్ని. ఈ తేడా చిన్నది కాదు. ఆ విచారణ నాటికి 15ఎ లేదు. ఉండి ఉంటే తీర్పు మారేదని నేననను. కానీ సాక్షి ఏం చెప్పిందో, ఎట్లా చెప్పిందో చూడకుండా ఆమెను నమ్మలేమని అనడం అంత తేలికయ్యేది కాదు.

అసలు చిక్కు కోర్టుకంటే ముందే, పోలీసు స్టేషన్లో మొదలవుతుంది. దర్యాప్తు అధికారి సాక్షిని విచారించి రాసుకునే 161 స్టేట్‌మెంటు మీద సాక్షి సంతకం ఉండదు, ఉండకూడదని చట్టమే చెబుతుంది. తనది కాని ఆ కాగితాన్ని చూపించి, ఇందులో లేని మాట ఇవాళెందుకు చెబుతున్నావని అడ్డసవాలులో నిలదీస్తారు. ముఖ్యమైన విషయం రాయకుండా వదిలేస్తే అదీ వైరుధ్యం కిందికి రావచ్చు. వదిలేసింది పోలీసు, అబద్ధమాడింది మాత్రం సాక్షి! 2009 చివరి నుంచి ఈ స్టేట్‌మెంటును వీడియో తీసే వీలుంది. 2024 జులై 1 నుంచి అమలైన కొత్త సంహితలోనూ ఉంది. కానీ అక్కడ మాట "తీయవచ్చు". కేసు చెడిపోయే చోట ఇష్టం, చెడిపోయాక చూసే చోట తప్పనిసరి. ఈ అమరికను ఎవరు ప్రశ్నించాలి?

కెమెరాను దేవుణ్ణి చేయక్కర్లేదు. అది ఎటు తిప్పితే అటే చూస్తుంది. సాక్షి మొహం మీదే పెడితే ఆమె తడబాటు కనబడుతుంది. ఎదుట కూచున్న ముద్దాయి మీసం మెలేయడం, ప్లీడరు గద్దించడం, వెనక బెంచీల్లో భూస్వామి మనుషులు గుడ్లురమడం కనబడవు. అప్పుడా వీడియో కూడా ఆమెకే ఎదురు సాక్ష్యం. ఇంకోటి, కూలికి పోవాల్సింది ఆ భూముల్లోకే. తన మొహం, గొంతు ఎవరి ఫోన్లోకి చేరతాయోనన్న భయం ఆమెది. ఆ భయాన్ని అజ్ఞానం అనుకోవడం మనలాంటి చదువుకున్నవాళ్ల పొగరు.

కాబట్టి వీడియో ఉందా లేదా అన్నది సగం ప్రశ్నే. కెమెరా మొత్తం కోర్టు హాలును చూడాలి. సాక్షి మాట ఆమె తెలుగులోనే, అన్నదన్నట్టు కాగితం మీదికి రావాలి. నకలు బాధితులకు చేరాలి, బయటికి పొక్కకూడదు. స్టేషన్లో స్టేట్‌మెంటుకూ "తీయాలి" అన్న మాటే వర్తించాలి. అప్పటిదాకా మన లాయర్లు, కార్యకర్తలు మొదటి వాయిదా నాడే 15ఎ(10) కింద మెమో వేయాలి. కుదరదంటే, కుదరదన్న మాటనైనా రికార్డు చేయించాలి. మన నోటి మాటను వేరేవాళ్లు రాసిపెట్టిన చరిత్ర చాలా పెద్దది. కనీసం కోర్టులోనైనా మనమన్నది మనమన్నట్టు ఉండాలి గదా.