ఔనన్న గింజ, కాదన్న గింజ

మొక్కజొన్న గింజా, నీకు దండం. కూడయ్యే గింజను కళ్లకద్దుకోవడం మాకు అలవాటే. ఓటైన గింజకు మొక్కడం ఇదే తొలిసారి.

ఇంగ్లండు నుంచి ఓడలెక్కి వచ్చిన రైతుల అరచేతిలో నువ్వు మాటవయ్యావు. 1643లో మసాచుసెట్స్ కాలనీ ఒక చట్టం చేసుకుంది. ఏటా కాలనీ పెద్దల్ని ఎన్నుకునేటప్పుడు మొక్కజొన్న గింజ వేస్తే ఔనన్నట్టు, చిక్కుడు గింజ వేస్తే కాదన్నట్టు. తలకొక గింజే. రెండోది జారవిడిచిన వేళ్లకు 10 పౌండ్ల జరిమానా! ఆ రోజుల్లోనే డెడమ్ అనే పల్లె తన మీద తానే పన్ను వేసుకుని, పిల్లల బడికి ఏడాదికి 20 పౌండ్లు కేటాయించింది. దొంగగింజ ఒక్కటి పడితే సగం బడి పోయినట్టే. నిన్ను అంత బరువుగా తూచిన తక్కెడ మరొకటి లేదు.

చార్లెస్ నది ఒడ్డున పుట్టిన డెడమ్, నీకూ దండం. 1636లో నిన్ను కట్టినవాళ్లు నీకు ‘సంతృప్తి’ అని పేరు పెట్టుకుంటామన్నారు. కాలనీ చట్టసభ ‘కాదు, డెడమ్’ అంది. పేరు దక్కకపోయినా ఒడంబడిక దక్కింది. తగవొస్తే వెంటనే తోటివాళ్లలో ఒకరికో, ఇద్దరికో, ముగ్గురికో అప్పగించి తీర్చుకుందామని సంతకాలు పెట్టారు. 1639లో ఊరి మంచిచెడ్డలు చూసేందుకు ఏడుగుర్ని ఎన్నుకున్నారు. ఆ కాలంలోనే కాలువ తవ్వి, చార్లెస్ నీటిని పిండిమర దగ్గరికి నడిపించారు. గింజా, నువ్వు పిండివి కావడానికి ఒక నది దారి మళ్లింది.

ఊరి సభ ఎన్నుకునే చిన్న చిన్న పదవులారా, మీకు వేరేగా దండం. కంచెల వెంట నడిచి ఏ గుంజ ఒరిగిందో చూసేవాడా, బాటల గుంతలు పూడ్పించేవాడా, చేలో పడ్డ పశువును బందెలదొడ్డికి తోలేవాడా, పరాయి మొక్కజొన్నలో మూతి పెట్టిన పందుల్ని అదుపు చేసేవాడా! తర్వాతి రోజుల్లో ఆ పందుల కొలువును కొత్త పెళ్లికొడుకులకు కట్టబెట్టి ఊరంతా నవ్వుకునేది. రాజు సముద్రం అవతల ఉన్నాడు, పంది మాత్రం చేలోనే ఉంది. ఊరి ఏలుబడి మొదలైంది ఆ పంది దగ్గరే.

అయినా గింజా, నిన్ను పట్టుకునే భాగ్యం అందరికీ లేదు. చర్చి తనవాడని ఒప్పుకున్న మగవాడికే కాలనీ ఎన్నికల్లో ఓటు. నిన్ను ఒలిచి, దంచి, వండిన ఆడవాళ్ల వేళ్లకు నువ్వు చివరిదాకా వంట గింజవే. నిన్ను తరతరాలుగా ఆ నేలలో పెంచినవాళ్లు మసాచుసెట్, వాంపనోగ్ జనం. వాళ్ల విత్తనం ఓటైంది, వాళ్లు ఓటర్లు కాలేదు.

అదే నదికి ఎగువన నేటిక్ ఉంది. డెడమ్ హద్దుల్లోంచి వచ్చిన 2000 ఎకరాల్లో, క్రైస్తవం తీసుకున్న స్థానిక జనం జాన్ ఎలియట్ పాదిరితో కలిసి కట్టుకున్న ఊరు. వాళ్లూ 1651లో ఒకచోట చేరి నూరుమందికొక పెద్దను, యాభైమందికొక పెద్దను, పదిమందికొక పెద్దను ఎన్నుకున్నారు. ఆ నేల కోసం డెడమ్ ఏళ్ల తరబడి వాళ్లతో వ్యాజ్యం ఆడింది. 1675లో ఇంగ్లీషువాళ్లకూ స్థానిక జనానికీ మధ్య యుద్ధం ముదిరాక, ఓట్లతో ఏర్పడిన కాలనీ చట్టసభే వాళ్లను ఇళ్లలోంచి కదిలించి, బోస్టన్ రేవులోని డీర్ దీవికి పంపింది. ఆ చలికాలం ఆకలికీ గాలికీ ఎందరో రాలిపోయారు. ఒడంబడిక రాసుకున్న నది ఒడ్డు నుంచే, గింజా, ఆ మనుషులు నడిచి వెళ్లారు.

నిన్ను పొగడటానికి వచ్చి ఇది చెప్పకుండా వెళ్లలేను.

ఆ జనం చేలల్లో నువ్వూ చిక్కుడూ ఒకే మట్టికుప్పలో మొలిచేవారు. నీ కర్రను చుట్టుకుని చిక్కుడు తీగ పైకి పాకేది. మీ పాదాల దగ్గర గుమ్మడి ఆకులు తేమ కాచేవి. ఎన్నిక పేరున మనుషులు మిమ్మల్ని వేరుచేసి, నిన్ను ఔనన్నారు, దాన్ని కాదన్నారు. పొయ్యి మీద మాత్రం వేరుచేయలేకపోయారు. ఇద్దరూ ఒకే కుండలో ఉడికారు. ఔనూ కాదూ కలిసి ఉడికిన ఆ వంటకాన్ని ఇంగ్లీషువాళ్ల మనవలు ఇప్పటికీ సక్కటాష్ అంటారు. ఆ మాట నారగాన్‌సెట్ జనానిది.